ఘాటు ఎక్కితే వేడెక్కుతున్న పాత ఫారెస్టర్: ఇంజిన్ దించాల్సిందేనా?

అలిపిరి_ఆరుచుక్కలు
మా ఇంట్లో 2005 నాటి ఫారెస్టర్ ఉంది. ముందు షెవర్లే గుర్తు ఉన్నా లోపల ఉన్నదంతా జపాను కంపెనీ సుబారుది. 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్లు, మీటరులో 1,46,000 కిలోమీటర్లు. నాన్న కొన్న బండి, ఆయన రిటైరయ్యాక తాళం నా చేతికి వచ్చింది. పోయిన శనివారం ఐదుగురం ఏసీ వేసుకుని తిరుమల రెండో ఘాటు రోడ్డులో కొండ ఎక్కుతుండగా, పైకి చేరడానికి ఇంకో పది నిమిషాలు ఉందనగా వేడి ముల్లు సగం దాటి పైకి కదిలింది. ఏసీ ఆపి, అద్దాలు దించి నిదానంగా పోనిస్తే మళ్లీ దిగింది. తిరుగు ప్రయాణంలో ఏ ఇబ్బందీ రాలేదు. మర్నాడు ఊళ్లో ఒక షెడ్డుకు తీసుకుపోతే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, "సుబారు కదా, హెడ్ గాస్కెట్ పోయింటుంది, ఇంజిన్ దించాలి" అని 85,000 రూపాయల అంచనా రాసిచ్చారు. ఇంజిన్ దిమ్మెకూ (బ్లాకుకూ), దాని మూతలాంటి హెడ్‌కూ మధ్య మంట, నీళ్లు కలవకుండా బిగించే పలచటి రేకట అది. ఒక్క పరీక్ష కూడా చేయలేదు. ఈ బండి గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఏం చేయాలో చెప్పండి.

పాకాల_జంక్షన్
అమ్మేయండి. నా దగ్గర 1999 ఎస్టీమ్ ఉంది, దాని స్పేర్లు పాకాలలో కిరాణా కొట్టులో తప్ప అన్నిచోట్లా దొరుకుతాయి. మీ బండికి ఒక రబ్బరు వాషరు కావాలన్నా విమానం ఎక్కి రావాలి.

మొగిలి_ఘాటు
అమ్మమని చెప్పడం తేలిక. నా దగ్గరా అదే బండి ఉంది, చిత్తూరులో పదకొండేళ్లుగా నడుపుతున్నాను, నెలకు రెండుసార్లు మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు వెళ్లి వస్తాను.

ముందు ఆ షెడ్డువారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. సుబారు అనగానే హెడ్ గాస్కెట్ అనే పేరు ఇంటర్నెట్టులో బలంగా స్థిరపడింది, అది ముఖ్యంగా అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన 2.5 లీటర్ల ఈజే25 ఇంజిన్ కథ. ఆ ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 99.5 మిల్లీమీటర్లు. మన 2 లీటర్ల ఈజే20లో అది 92 మాత్రమే. బయటి దిమ్మె దాదాపు అదే కొలత కనుక, మన ఇంజిన్‌లో రెండు సిలిండర్ల నడుమ, సిలిండర్‌కూ నీటి దారికీ నడుమ గాస్కెట్ కూర్చోవడానికి వెడల్పు ఎక్కువ మిగులుతుంది. అందుకే మన ఇంజిన్‌లో ఆ జబ్బు అరుదు. పక్కింటివాడికి షుగరు ఉందని మనకు ఇన్సులిన్ పొడవడం లాంటిది ఆ అంచనా.

చంద్రగిరి_పానా
మొగిలి_ఘాటు గారి లెక్క సరైనదే, ముగింపుతో మాత్రం నేను ఏకీభవించను. అరుదు అంటే అసలు రాదని కాదు. ఈ ఇంజిన్ దిమ్మె, హెడ్లు రెండూ అల్యూమినియమే, ఒక్కసారి ముల్లు ఎర్రగీత దాకా వెళ్లే వరకు నడిపితే ఈజే20 హెడ్ కూడా వంగుతుంది. నా షెడ్డుకు అలా వచ్చిన బండి ఒకటి ఉంది, కారణం గాస్కెట్ కాదు, తెగిన నీళ్ల పైపు. పైపు ఖరీదు 400 రూపాయలు. ఆయన ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగుదామనుకోవడం వల్ల హెడ్లు రెండూ పోయాయి.

ఆరుచుక్కలు తమ్ముడూ, ముల్లు ఎర్రగీత తాకిందా, సగానికి కొంచెం పైకి మాత్రమే పోయిందా?

అలిపిరి_ఆరుచుక్కలు
ముప్పాతిక దాకా కూడా పోలేదన్నా. సగానికీ ముప్పాతికకూ మధ్యలో ఉండగానే ఏసీ ఆపాను. వేగంగా ఎక్కానేమో అని అడగకండి, 28 నిమిషాలకన్నా ముందే పైకి చేరితే కుదరదు కనుక మన వేగం దేవస్థానం చేతిలోనే ఉంది.

చంద్రగిరి_పానా
అయితే ఇంజిన్ దించే మాట పక్కన పెట్టు. దించకుండా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి, వరుసగా చెయ్యి.

ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, అంటే తెల్లవారి, రేడియేటర్ మూత తీసి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూడు. తగ్గి ఉంటే బయట కారుతోందా, లోపల పోతోందా అనేది తర్వాతి ప్రశ్న. కూలెంట్ డబ్బాలో నల్లటి జిడ్డు తేలుతోందేమో, కాలిన వాసన వస్తోందేమో చూడు.

తర్వాత బండిని పది కిలోమీటర్లు నడిపి తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే రేడియేటర్ నుంచి డబ్బాకు వెళ్లే సన్న గొట్టం కొసను ఒక నీళ్ల సీసాలో ముంచి పెట్టు. ఆక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకున్నప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్‌లోని మంట నీళ్లలోకి తోస్తోందని అర్థం, అప్పుడు గాస్కెట్ మాట నిజమే. మొదట ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోతే భయపడనవసరం లేదు. నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఇంకా నమ్మదగినది, రేడియేటర్ నోటి దగ్గర ఆ ద్రవం గుండా ఆవిరిని లాగితే మండిన వాయువు ఉన్నప్పుడు నీలం పసుపుగా మారుతుంది. ఆ కిట్ నా దగ్గర ఉంది, చంద్రగిరి దాకా వస్తే చేసి చూపిస్తాను.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎప్పుడు వేడెక్కుతోంది అనేదే సగం రోగ నిర్ధారణ. బజారులో నిలిచి నిలిచి పోయేటప్పుడు వేడెక్కి, పెద్ద రోడ్డు మీద గాలి తగిలాక చల్లబడితే ఫ్యాన్ల వైపు చూడాలి. పెద్ద రోడ్డు మీద 90 వేగంలో చాలాసేపు పోయినప్పుడు ముల్లు లేస్తే రేడియేటర్ పూడుకుపోవడమో, గాస్కెట్టో. ఘాటులో వేగం తక్కువ, ఇంజిన్ మీద భారం ఎక్కువ, రెండు కష్టాలూ కలిసి వస్తాయి, అందుకే ఘాటును చూసి ఏదీ తేల్చలేం. ఒకరోజు పుత్తూరు దాకా చెన్నై రోడ్డులో పోయి రా, ఒకసారి ఏసీ లేకుండా, ఒకసారి వేసి.

పెద్దాయన_పుత్తూరు
మా ఊరిదాకా వస్తే ఎముకలకు కట్టు కట్టించుకుని పోవచ్చు గానీ, ఇంజిన్‌కు పుత్తూరు కట్టు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అంబాసిడర్ రోజుల్లో మేము భాకరాపేట ఘాటులో బండి ఆపి, రేడియేటర్ మీద తడి గోనెసంచి కప్పి, అరగంట కబుర్లు చెప్పుకుని మళ్లీ బయలుదేరేవాళ్లం. ఈ బండ్లకు ఆ వైద్యం పనికొస్తుందా?

మొగిలి_ఘాటు
పనికిరాదు సార్. అంబాసిడర్‌ది పోత ఇనుము దిమ్మె, అది వేడిని ఓర్చుకుంటుంది. ఇక్కడ వేడిగా ఉన్న అల్యూమినియం మీద చల్లటి నీళ్లు పోయడమూ, వేడి మీద రేడియేటర్ మూత తిప్పడమూ రెండూ చేయకూడనివి. ఆగడం మాత్రం మంచిదే.

కరకంబాడి_కుర్రాడు
ఇంజిన్ ఎలాగూ విప్పే పని ఉంటే ఆ గుడగుడ శబ్దం వచ్చే ఎగ్జాస్ట్ వేయించండి అన్నా, బండిని రెండు అంగుళాలు ఎత్తు చేయించండి. తలకోన రోడ్డుకు రాజాలా ఉంటుంది.

పాకాల_జంక్షన్
ఇల్లు కాలుతుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుంది.

అలిపిరి_ఆరుచుక్కలు
నాలుగు రోజుల తర్వాత వివరాలతో వచ్చాను.

సీసాలో బుడగలు రాలేదు. డబ్బాలో జిడ్డు లేదు. నీళ్లు మాత్రం రేడియేటర్ నోటికి రెండు వేళ్లు కిందకు ఉన్నాయి, రంగు పచ్చగా కాక పలచటి మజ్జిగలా ఉంది. ఆదివారం పుత్తూరు దాకా పోయి వచ్చాను. పోయేటప్పుడు ఏసీ లేకుండా 90లో ముల్లు కదల్లేదు. వచ్చేటప్పుడు ఏసీ వేస్తే ఇరవై నిమిషాల తర్వాత ఒక గీత మందం పైకి జరిగి అక్కడే నిలిచింది. ఇంటికి వచ్చాక ఏసీ వేసి ఇంజిన్ అలాగే ఉంచి బానెట్ ఎత్తితే, రెండు ఫ్యాన్లలో ఒకటి మాత్రమే తిరుగుతోంది. రెండోదాన్ని పుల్లతో కదిపితే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

చంద్రగిరి_పానా
ఫ్యాను మోటారులో కార్బన్లు, అంటే కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగిపోయాయి. ఆటో ఎలక్ట్రికల్ షాపులో ఎవరైనా మారుస్తారు. కానీ 90 వేగంలో గాలి దానంతట అదే తగులుతుంది, అక్కడ ఫ్యాను లేకపోయినా ముల్లు కదలకూడదు. ఒక గీత జరిగిందంటే రేడియేటర్ కూడా పూడుకుంది. మజ్జిగ రంగు అన్నావు కదా, ఇన్నేళ్లూ అందులో ఏం పోశారు?

అలిపిరి_ఆరుచుక్కలు
నిజం చెప్పాలి కదా. నాన్న నడిపినప్పుడు కూలెంటే పోసేవారు. నేను నడపడం మొదలుపెట్టాక, తగ్గినప్పుడల్లా ఇంటి వెనక బోరు నీళ్లు పోశాను. మూడు వేసవులు.

రేణిగుంట_లేత్
మన బోరు నీళ్లతో వారం రోజులు స్నానం చేస్తే షవరు రంధ్రాలే మూసుకుపోతున్నాయి. రేడియేటర్ గొట్టాలు అంతకన్నా సన్నం. ఆ నీళ్లలోని సున్నం వేడి తగిలిన చోటే పేరుకుంటుంది, అంటే ఎక్కడ వేడి బయటికి పోవాలో సరిగ్గా అక్కడే పొరలా పట్టుకుంటుంది. ఇడ్లీ పాత్ర అడుగున తెల్లగా పట్టేది అదే.

మొగిలి_ఘాటు
చేతిలో పట్టుకునే వేడి కొలిచే తుపాకీ ఎవరి దగ్గరైనా దొరికితే, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ ముఖమంతా కొలిచి చూడండి. వేడి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు క్రమంగా తగ్గుతూ పోవాలి. మధ్యలో హఠాత్తుగా చల్లటి మచ్చలు ఉంటే ఆ గొట్టాల్లో నీళ్లు పారడం లేదని అర్థం.

అలిపిరి_ఆరుచుక్కలు
కొలిచాను. కింది సగంలో అరచేయి వెడల్పున రెండు చోట్ల చల్లగా ఉంది. ఇప్పుడు దీన్ని విప్పి లోపల ఊచతో గీకించవచ్చా? చిత్తూరులో లారీల రేడియేటర్లు చేసే ఒకాయన చేస్తానన్నారు.

చంద్రగిరి_పానా
లారీలవి పాత రాగి, ఇత్తడి రేడియేటర్లు, వాటికి ఊచ దింపవచ్చు, పగిలితే ఈయం పెట్టవచ్చు. నీ బండిది పలచటి అల్యూమినియం గొట్టాలు, రెండు చివరలా ప్లాస్టిక్ తొట్లు. ఊచ దింపితే గొట్టం చిరుగుతుంది, మడతపెట్టి బిగించిన తొట్టిని విప్పితే మళ్లీ అంత గట్టిగా కూర్చోదు. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ ఎలాగూ పెళుసుబారి ఉంటుంది. కొత్తది వేయించు.

పెద్దాయన_పుత్తూరు
రాగి రేడియేటరే కొత్తగా చేయించుకుంటే జీవితాంతం ఉంటుంది కదా. ఏది పోయినా మన ఊళ్లోనే అతికించుకోవచ్చు.

మొగిలి_ఘాటు
నేను 2016లో సరిగ్గా అదే చేయించాను సార్. బరువు పెరిగింది, మందం పెరిగి ఫ్యానుకూ దానికీ మధ్య వేలు కూడా దూరలేదు, ఒక గతుకులో ఫ్యాను రెక్క తగిలి గీసుకుపోయింది. ఏడాదికే తీసేశాను.

మదనపల్లె_టు_బెంగళూరు
దొరకడం విషయానికి వస్తే, షెవర్లే మన దేశంలో 2017 చివరితో అమ్మకాలు ఆపేసింది కాబట్టి షోరూము కౌంటరు దగ్గర ఫారెస్టర్ పేరు చెబితే కొత్తగా చేరిన పిల్లలు అడవి శాఖ అనుకుంటారు. కానీ ఇదే బండి సుబారు పేరుతో గల్ఫ్ దేశాల్లో, ఆస్ట్రేలియాలో లెక్కలేనన్ని తిరిగాయి. షెవర్లే పేరుతో వెతకడం మానేసి, ఎస్జీ తరం సుబారు ఫారెస్టర్ అని వెతికితే రేడియేటర్ నుంచి రబ్బరు బుష్షుల దాకా అన్నీ కనిపిస్తాయి. బండి ఛాసిస్ నంబరు చెప్పకుండా మాత్రం ఏదీ తెప్పించవద్దు.

టైర్లకు బాధ లేదు. నా ఫారెస్టర్‌కు ఉన్న 215/60 ఆర్16 కొలతే బ్రెజాకూ వస్తుంది, ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది.

అలిపిరి_ఆరుచుక్కలు
మా బావ కువైట్‌లో ఉన్నాడు, వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. రేడియేటర్ పెట్టెను సామానుతో పాటు తెస్తానన్నాడు. అక్కయ్య ఇప్పటికే అలిగింది, ఆ బరువులో తన ఓవెన్ రావాల్సి ఉందట.

చంద్రగిరి_పానా
అక్కయ్యను ఇంకోసారి అలగమను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?

అలిపిరి_ఆరుచుక్కలు
నాన్న డైరీలో 2014 అని ఉంది, అప్పటికి 88,000 కిలోమీటర్లు. 58,000 మాత్రమే నడిచింది కదా అని ఊరుకున్నాను.

చంద్రగిరి_పానా
ఈ ఇంజిన్‌కు లక్ష కిలోమీటర్ల లెక్క ఉన్న మాట నిజమే, కానీ రబ్బరు కిలోమీటర్లు మాత్రమే లెక్కపెట్టుకోదు, ఏళ్లు కూడా లెక్కపెట్టుకుంటుంది. పదేళ్లు దాటిన బెల్టుతో తిరుపతి వేసవిలో నడుపుతున్నావు. పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా కదిలేలా చూసేది ఆ బెల్టే. ఇది తెగితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకునే రకం ఇంజిన్, అప్పుడు ఆ షెడ్డువారు రాసిన 85,000 చాలా తక్కువనిపిస్తుంది. రేడియేటర్, ఫ్యాన్లు దించాక ముందు భాగమంతా ఖాళీగా చేతికి అందుతుంది, అదే సమయంలో బెల్టు, దాన్ని బిగువుగా పట్టి నడిపే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, నీళ్ల పంపు, థర్మోస్టాట్, క్రాంక్ ముందు ఆయిల్ సీలు అన్నీ మార్చుకుంటే కూలి ఒక్కసారే అవుతుంది. బెల్టు ఒక్కటే మార్చి పాత పుల్లీలు ఉంచవద్దు, బేరింగు పట్టేసిన పుల్లీ కొత్త బెల్టునైనా ఒక్క రోజులో కోసేస్తుంది.

ఎవరు చేసినా ఈ ఒక్క మాట వాళ్లకు చూపించు. క్రాంక్ పళ్ల చక్రం మీద ఒక బాణం గుర్తు ఉంటుంది, కొత్తవాళ్లు దాన్నే పైకి పెట్టి బెల్టు ఎక్కిస్తారు. అది తప్పు. ఆ చక్రం వెనక అంచున ఉన్న పంటి మీద ఒక సన్న గీత ఉంటుంది, దాన్నే పైన దిమ్మె మీది గుర్తుకు సరిపెట్టాలి. ఈ పొరపాటుతో వాల్వులు వంగిన ఇంజిన్ నా చేతికి ఒకసారి వచ్చింది, ఎక్కించినవాడు పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాడే.

మొగిలి_ఘాటు
థర్మోస్టాట్ గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే కవాటం అది. చాలా బండ్లలో అది వేడి నీళ్లు బయటికి వచ్చే చోట ఉంటుంది, ఇందులో కింద నీళ్ల పంపుకు చల్లటి నీళ్లు చేరే చోట ఉంటుంది, సుమారు 78 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. కొలత సరిపోయిందని బజారులో దొరికే సన్న నడుము థర్మోస్టాట్ వేస్తే నీటి ధార సన్నబడుతుంది, ఘాటులో మళ్లీ అదే కథ. సుబారుదే వేయండి, దాని నడుము లావుగా ఉంటుంది, పక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. రేడియేటర్ మూత కూడా సుమారు 1.1 బార్ ఒత్తిడిదే కావాలి. ఒత్తిడి తగ్గిన మూతతో నీళ్లు ముందే మరుగుతాయి.

నీళ్లు నింపేటప్పుడు గాలి చిక్కుకోవడం, సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఈ ఇంజిన్‌తో పెద్ద చిరాకు. ముందు రేడియేటర్ పై గొట్టం విప్పి, ఇంజిన్ వైపుకే నెమ్మదిగా కూలెంట్ పోసి అది నిండాక గొట్టం తగిలించాలి, తర్వాతే రేడియేటర్ నింపాలి. రేడియేటర్ పైన ఒక మూల చిన్న ప్లాస్టిక్ మర ఉంటుంది, దాన్ని విప్పి పెడితే గాలి పోతుంది. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటరు పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాన్లు రెండుసార్లు తిరిగి ఆగేదాకా వదలకూడదు.

పాకాల_జంక్షన్
మే నెలలో తిరుపతిలో కారు హీటరు వేసుకుని కూర్చునే మనిషిని చూడటానికి నేను టికెట్టు కొంటాను.

కరకంబాడి_కుర్రాడు
నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఎత్తు చేయిస్తే తప్పేమిటి?

మొగిలి_ఘాటు
ఎత్తు పెరిగే కొద్దీ చక్రాలకు పోయే ఇరుసుల కోణం పెరుగుతుంది, వాటి చివరి జాయింట్ల రబ్బరు బూట్లు మడతల దగ్గర తొందరగా చిరుగుతాయి, గ్రీజు బయటికి పోయి మట్టి లోపలికి పోతుంది. ఇక ఆ గుడగుడ శబ్దం. ఎడమ, కుడి పక్కల నుంచి వచ్చే ఎగ్జాస్ట్ గొట్టాల పొడవు సమానంగా లేకపోవడం వల్ల అది పుడుతుంది, వెనక డబ్బా మార్చినంత మాత్రాన ఆ శబ్దం రాదు, చప్పుడు వస్తుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నేను చేసిన మార్పు ఒక్కటే, ముందు గుర్తు తీసి సుబారు గుర్తు పెట్టుకున్నాను. ఆర్సీలో మాత్రం షెవర్లే అనే ఉంది, ఉంటుంది.

పెద్దాయన_పుత్తూరు
ఆ గుర్తులోని చుక్కలు ఏమిటి?

అలిపిరి_ఆరుచుక్కలు
నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను సార్. సుబారు అంటే జపాను భాషలో మన కృత్తికలు. 1953లో ఐదు కంపెనీలు కలిసి ఒక పెద్ద కంపెనీ అయింది కనుక ఒక పెద్ద చుక్క, ఐదు చిన్న చుక్కలు. గ్రీకులు ఆ గుంపులో ఏడుగురు అక్కాచెల్లెళ్లను లెక్కపెట్టారు, మనం షణ్ముఖుడికి పాలిచ్చిన ఆరుగురిని లెక్కపెట్టాం. జపానువాళ్ల లెక్క మనతోనే సరిపోయింది.

పెద్దాయన_పుత్తూరు
అయితే కార్తీక మాసంలోనే పని మొదలుపెట్టు నాయనా.

మదనపల్లె_టు_బెంగళూరు
బెల్టు గోలలో ఒక సంగతి మరిచిపోకూడదు. ఆరుచుక్కలు, నీ నాలుగు టైర్లూ ఒకే రకమా? ఈ బండికి నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి, ముందు వెనకల మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్‌లో విస్కస్ కప్లింగ్ ఉంటుంది, లోపల పలచటి రేకులు, చిక్కటి సిలికాన్ ద్రవం. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలత తేడా వల్ల ఆ ద్రవం తిన్నని రోడ్డు మీద కూడా క్షణం ఆగకుండా పని చేస్తూ ఉడికిపోతుంది. నాలుగూ ఒకేసారి మార్చాలి. పరీక్ష తేలిక: ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మొదటి గేర్లో నిదానంగా గుండ్రంగా పోనివ్వండి, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు బండి తన్నుకుంటే కప్లింగ్ బిగుసుకున్నట్టే.

నాది అలాగే పోయింది. బండి దారిలో ఆగితే క్రేను అబ్బాయి ముందు చక్రాలు ఎత్తి, వెనక రెండూ నేల మీదే పెట్టి ముప్పై కిలోమీటర్లు లాక్కొచ్చాడు. వద్దని చెప్పాను, "నేను రోజూ పది బండ్లు లాగుతాను సార్" అన్నాడు. ఈ బండిని నాలుగు చక్రాలూ పైకెత్తి లారీ మీదే తేవాలి.

అలిపిరి_ఆరుచుక్కలు
టైర్లు నాలుగూ 2022లో ఒకేసారి వేయించినవే. గుండ్రంగా తిప్పి చూశాను, తన్నుకోవడం లేదు.

రేణిగుంట_లేత్
20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఈ పాత బండ్లకు ఇబ్బంది రావడం లేదా? మా షాపు పక్క కుర్రాడి పాత బండికి పెట్రోలు పైపు ఉబ్బి పగిలింది.

మొగిలి_ఘాటు
ఇరవై ఏళ్ల నాటి రబ్బరు ఆ పెట్రోలు కోసం చేసింది కాదు. ఇంజిన్ పైన ఉన్న పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో పోయిన ఏడాది మార్చేశాను, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు కూడా. మైలేజీ కొంత తగ్గింది, ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక అది సహజమే. నెలల తరబడి కదలకుండా ఉంచే బండిలో ట్యాంకు నిండా పోసి వదిలేయవద్దు, ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది.

పాకాల_జంక్షన్
ఆర్సీ పునరుద్ధరణ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుం 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. నా ఎస్టీమ్ మార్కెట్ ధరలో అది ఐదో వంతు. మీ బండి 2005ది కాబట్టి మీరూ ఈ వరుసలో ఉన్నట్టే.

అలిపిరి_ఆరుచుక్కలు
చెల్లించాను. కిటికీ దగ్గర ఉన్నాయన బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఇంత బాగా ఉంచుకున్నారే" అన్నాడు. పది వేల రూపాయలకు ఒక మెచ్చుకోలు దక్కింది.

అలిపిరి_ఆరుచుక్కలు
ఆరు వారాల తర్వాత, పని పూర్తయింది. చంద్రగిరిలో పానా అన్న షెడ్డులోనే రెండు రోజులు పక్కన కూర్చుని చేయించుకున్నాను.

నీలం ద్రవం నీలంగానే ఉంది, గాస్కెట్ శుభ్రంగా ఉంది. పాత రేడియేటర్ కింది గొట్టం విప్పినప్పుడు సున్నం పెచ్చులు దోసిలి నిండా వచ్చాయి, చూసి సిగ్గుపడ్డాను. పాత బెల్టు వెనక వైపు వంచితే సన్నటి బీటలు కనిపించాయి, ఒక పుల్లీ చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు చేసింది. ఖర్చు ఇలా అయింది: రేడియేటర్ 14,000, బెల్టు, పుల్లీలు, నీళ్ల పంపు కలిపి 19,000, థర్మోస్టాట్, మూత 1,800, కూలెంట్, స్వేదన జలం 2,400, ఫ్యాను కార్బన్లు 350, కూలి 6,000. మొత్తం 43,550.

నిన్న మళ్లీ ఐదుగురం, ఏసీ వేసుకుని, అదే రెండో ఘాటులో ఎక్కాం. 31 నిమిషాలు పట్టింది. ముల్లు సగానికి ఒక గీత కిందే ఉండిపోయింది, నేను రోడ్డుకన్నా దాన్నే ఎక్కువగా చూస్తున్నానని అమ్మ రెండుసార్లు తిట్టింది.

పాకాల_జంక్షన్
85,000 తప్పించుకోవడానికి 43,550 ఖర్చు పెట్టారు, మీకు మూడు ఎస్టీమ్ టైమింగ్ బెల్టులు ఉచితంగా ఇచ్చినా నష్టమే. అయినా ఆ ముల్లు కథ చదివి సంతోషించాను.

చంద్రగిరి_పానా
అందులో బెల్టు ఖర్చు ఎలాగూ వచ్చేదే. ఫ్యాను, రేడియేటర్ మాత్రమే లెక్కేస్తే 20,000 లోపే. ఆ 350 కార్బన్లు మూడేళ్ల కింద మార్చి, బోరు పంపు దగ్గరికి చెంబు తీసుకుపోకుండా ఉంటే అదీ ఉండేది కాదు. నేను మొదట గాస్కెట్ పోయి ఉండవచ్చని సందేహపడ్డాను, ఆ విషయంలో మొగిలి_ఘాటు గారి మాటే నెగ్గింది.

మొగిలి_ఘాటు
ఎర్రగీత దాకా పోకుండా ఆపాడు కాబట్టి నెగ్గింది. ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగి ఉంటే మీ మాట నెగ్గేది.

అలిపిరి_ఆరుచుక్కలు
ఇంకొక్క సంగతి. ఇంజిన్ నిశ్శబ్దమయ్యాక కొత్తగా వినిపిస్తోంది, 60 దాటితే వెనక కుడి పక్క నుంచి సన్నగా గూ అని మోత వస్తోంది, బండిని ఎడమకు తిప్పితే పెరుగుతోంది.

చంద్రగిరి_పానా
వెనక చక్రం బేరింగు. మీ బావ తిరిగి కువైట్ ఎప్పుడు వెళ్తున్నాడు?